లీకేజీ

“పిచ్చాసుపత్రి అనకండి బావగారూ, మంచి డాక్టరే. నాలుగు రోజులు ఉంచుకుని పంపిస్తాడు,” అన్నాడు బావ, చెల్లెలి మొగుడు. గొంతులో విసుగు లేదు, దిగులే ఉంది.

చెల్లెలు బాత్‌రూం గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. అన్నని ఒక్కసారి చూసి తల దించుకుంది.

“షాక్ కొడుతోందని అది ఉత్తినే ఎందుకంటుంది?” అన్నాడు అన్న.

“నేనూ అదే కుళాయి కింద స్నానం చేస్తున్నా కదా! నన్ను కొట్టని గీజరుకి తన మీదే పగా?” బావ నవ్వబోయి మానేశాడు. “సరే, మీకు తెలిసిన పనేగా, మీరే చూడండి. ఏమాత్రం తేడా ఉన్నా డాక్టరు మాట ఎత్తను.”

అన్న కేబుళ్ల ఫ్యాక్టరీలో టెస్టింగు చేస్తాడు. వైరు తొడుగులోంచి కరెంటు ఎంత కారుతోందో కొలవడమే అతని ఉద్యోగం. అక్కడి పెద్ద మీటరుని గేటు దాటనివ్వరు. అందుకే చేతిసంచీలో చిన్న బ్యాటరీలు, మామూలు మీటరు వేసుకుని వచ్చాడు.

ప్లగ్గు పీకి, గీజరు మూత విప్పాడు. బ్యాటరీలని ఒకదానికొకటి తగిలించి గొలుసు చేశాడు. ఒక కొస లోపలి కాయిలుకి, రెండో కొస మీటరు గుండా గీజరు ఇనప ఒంటికి కలిపాడు. మధ్యనున్న ఇన్సులేషను గట్టిదైతే మీటరు దాకా ఏమీ రాకూడదు.

“బొమ్మల్లో వేసే బ్యాటరీలతో ఏం తెలుస్తుందండీ?” టార్చి పట్టుకుంటూ అడిగాడు బావ.

“తెలుస్తుంది. అంకె కదిలిందంటే లీకేజీ ఉన్నట్టే.”

కదిలింది. చూస్తూండగానే పైకి పాకింది.

“చూశారా!” అన్న కేకేశాడు. చెల్లెలు ఉలిక్కిపడి తలెత్తింది.

“అయ్యో, అయితే ఇన్నాళ్లూ నేనే దాన్ని...” బావ నుదురు కొట్టుకున్నాడు.

కానీ అన్న చేతులు ఆగలేదు. ఇంత సన్నటి లీకేజీ కొలిచేటప్పుడు వేలి చెమట చాలు, మీటరు చేత అబద్ధం చెప్పించడానికి. ఇక్కడ గది గదంతా చెమ్మే. కనెక్షన్ల చుట్టూ స్పిరిట్‌తో తుడిచాడు. జుట్టు ఆరబెట్టుకునే మిషను తెప్పించి వేడిగాలి కొట్టాడు. వైర్లు గోడకి తగలకుండా గాలిలో వేలాడదీసి, దూరంగా జరిగి నిలబడ్డాడు. కారాలి, కారాలి అని మనసులో మొక్కుకున్నాడు.

అంకె మెల్లగా దిగింది. దిగి దిగి సున్నా దగ్గర కూర్చుంది.

స్విచ్చు చూశాడు. ఎర్తు చూశాడు. కుళాయి చూశాడు. ఎక్కడా పిసరంత లోపం లేదు. ఒక్క అబద్ధం చెబితే చెల్లెలు ఆసుపత్రికి వెళ్లక్కర్లేదు. నిజంగానే దానికి జబ్బయితే? ఆ అబద్ధమే దాని పీకకి చుట్టుకుంటుంది.

“ఏమీ లేదు బావగారూ,” అన్నాడు.

బావ అతని భుజం మీద చెయ్యి వేశాడు. “ఏదో ఒకటి ఉంటే బాగుండునని నేనూ అనుకున్నాను. డాక్టరుకి ఫోన్ చేసొస్తా. ఇక్కడ సిగ్నలు అందదు.” కళ్లు తుడుచుకుంటూ మేడ మీదికి వెళ్లాడు.

అన్న చెల్లెలి ముందు చతికిలబడ్డాడు.

“నా తల్లీ, నా చేతుల్తో కొలిచానే! ఈ గీజరు నిన్ను కొట్టే ప్రసక్తే లేదు. నా మీద కూడా నమ్మకం లేదా నీకు?”

మెట్ల మీద అడుగుల చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఆమె పెదవి విప్పలేదు. ఆగాక జాకెట్టు చెయ్యి మోచేతి పైకి లాగింది. తెల్లటి చర్మం మీద జంటలు జంటలుగా నల్లగా కమిలిన చుక్కలు.

“గీజరని నేనెప్పుడన్నాను అన్నయ్యా? వైరు పెట్టేది ఆయన.”