వంతెన మీద నాణెం

అబ్దుల్ బారీ రోజూ పొద్దుగూకాక మిర్చి కూలీలను ఆటోలో గోదావరి వంతెన దాటించి, మహారాష్ట్ర వైపు సిరొంచలో దించి వస్తాడు. నది నడుమకు రాగానే ఆడవాళ్లు "జర నిదానం, బారన్నా" అని, గంగమ్మకు నాణేలు వేసి దండం పెట్టుకుంటారు.

ఆ రాత్రి ఒక్కడే కాళేశ్వరం తిరిగొస్తూ, అలవాటు కొద్దీ నడుమ నెమ్మదించాడు. వెనుక గాజులు గలగలమన్నాయి. కింద నీళ్లలో నాణెం బుడుంగుమంది. అద్దంలో చూస్తే సీటు ఖాళీగా ఉంది.

వంతెన దాటి ఆపాడు.

"ఊరొచ్చింది, దిగక్కా. నేను ఇంటికి పోవాలె," అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

ఎవరూ దిగలేదు. ఆటో బరువుగానే కదిలింది.

తాను తప్ప ఎవరూ ఉండని ఇంటి ముందు ఇంజన్ ఆపాడు. ఆటో వెనుక భాగం మెల్లగా పైకి లేచింది. గాజుల చప్పుడు అతనికంటే ముందే నడిచి, తలుపు దగ్గర ఆగింది.