పడవ బాడుగ

“రోజుకు నలభై” అన్నాడు పడవ సాయిబు బుడేన్, చిరిగిన తెరచాప కుట్టడం ఆపకుండానే.

సుబ్బరాయుడు గతుక్కుమన్నాడు. ఆళ్లగడ్డ బళ్లో ఆయన నెల జీతమే అరవై. “ఏందప్పా ఇది? మొదటేడు పది అంటివి. పోయినేడు ఇరవై అయిదు. ఈ యేడు నలభైయా?”

“నంద్యాల మిల్లు సేట్లు సెలవులకు షికారుకొస్తాండారు అయ్యోరా. అడిగినంత ఇస్తాండారు. కుదరకుంటే ఇంటికి పోండి.”

సుబ్బరాయుడు వచ్చింది షికారుకు కాదు. నాలుగేళ్ల కింద, యాభై నాలుగో సంవత్సరం ఎండాకాలం సెలవుల్లో, ఎగువ రేవున కృష్ణలో స్నానానికి దిగిన పదేళ్ల కూతురు ఉమ మళ్లీ పైకి రాలేదు. ఎంత వెతికినా దొరకలేదు. కొట్టుకుపోయి అవతలి గట్టున ఎవరింట్లోనో పెరుగుతోందని తల్లి భారతమ్మ నమ్మకం. ఏటా సెలవుల్లో ఇద్దరూ ఈ రేవుకొచ్చి పడవ మాట్లాడుకుంటారు, గట్టు వెంబడి ఊరూరా దిగి అడుగుతారు. ఆ నమ్మకమే లేకపోతే ఆమె బతకదని సుబ్బరాయుడి భయం.

భారతమ్మ చెవి కమ్మలు తీసి పడవ అంచున పెట్టింది.

“ఇవి తీసుకో నాయనా. నా బిడ్డకేం గాలేదు. దర్గాలో మొక్కుకుంటే పుట్టింది. మెడలో ఆ దర్గా తాయెత్తే ఉంది. చూసినోళ్లు మర్చిపోరు.”

బుడేన్ తల తిప్పుకున్నాడు. “కమ్మలు నాకొద్దమ్మా. దుడ్లు గావాల.”

“పైయేడు కూడబెట్టి తెస్తాం.”

“పైయేడు అరవై.”

ఇద్దరూ ఆత్మకూరు బస్సు కోసం ఎండలో నడిచిపోయారు. భారతమ్మ ఏటి వైపు తిరిగి తిరిగి చూస్తూనే ఉంది. మనిషికి ఇంత దుడ్డాశ ఉంటుందా అని సుబ్బరాయుడు దారి పొడుగునా తిట్టుకున్నాడు.

ఆ రోజంతా ఏ సేటూ రాలేదు. పడవ రేవులోనే ఉండిపోయింది. సద్ది తెచ్చిన ఖైరున్నీసా మొగుడి మొహం చూసి పక్కనే కూలబడింది.

“ఆయమ్మ వచ్చిందంట. చెప్పినావా?”

“నోరు రాలేదు.”

“ఎన్నేండ్లు బాడుగ పెంచుకుంటా పోతావు?”

“వాళ్లు రాకుండా పోయేదాంకా.”

ఖైరున్నీసా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఏట్లో తేలొచ్చిన ఉమను, మెడలో తాయెత్తు చూసి తమ సాయిబుల బిడ్డే అనుకుని, కఫను గుడ్డ చుట్టి పూడ్చింది వాళ్లిద్దరే.