కరువు కంబానికి చెంబుడు నీళ్లు

ఊళ్లో కరువు వచ్చిందో లేదో చెప్పడం ఇప్పుడు రైతుల పని కాదు. ఆ పని నేల తేమ కొలవడానికి ఓబులమ్మ చేని గట్టున సర్కారు పాతిన కరువు కంబానిది. కంబం కింద నేల వరసగా నలభై రోజులు ఎండితేనే కరువు. కరువైతేనే నీళ్ల ట్యాంకర్ వస్తుంది. ఆకాశాన్ని చూడడం జనం ఎప్పుడో మానేశారు.

ఆ ఉదయం నలభయ్యో రోజు. మధ్యాహ్నానికి కరువు ఖాయమని ఊరంతా పండగ ముఖాలతో ఉంది. డ్రైవర్ లేని ట్యాంకర్ దుమ్ము లేపుకుంటూ ఊరి మలుపు దాకా వచ్చేసింది కూడా.

ఓబులమ్మ ఉత్త చేతులతో ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. ఆమె అత్త వాన కోసం కప్పకు నీళ్లు పోసేది. ఈమె కంబానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఇంట్లో మిగిలిన ఒక్క చెంబుడు నీళ్లూ దాని మొదట్లో పోసి దండం పెట్టింది.

"ఈ పొద్దన్నా మాకు కరువు రానీ సామీ!"

కంబం పచ్చగా వెలిగి, పలికింది.

"నేలలో తేమ కనిపించింది. మీ ఊళ్లో వాన కురిసింది. శుభాకాంక్షలు. నేటి నుంచి మళ్లీ ఒకటో రోజు."

మలుపు దగ్గర ట్యాంకర్ ఆగి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఓబులమ్మ ఖాళీ చెంబు పట్టుకుని ఎర్రటి ఎండలో అలాగే నిలబడిపోయింది. పక్క చేని హనుమక్క వచ్చి, ఆమె కొంగు తీసి తల మీద కప్పింది.

"ఇంటికి పోదాం పా వదినా. వానలో ఎంతసేపని తడుస్తావు?"