జింక వెనక

ముసలాయన చెయ్యి తన చొక్కా మీద పడగానే గంగాధరరావు ముక్కు మూసుకున్నాడు.

గడ్డం మీద చొంగ. కోటు నిండా తడికుక్క కంపు.

ఊరు వోల్ఫ్స్‌బర్గ్. షాపు తుపాకులది. బ్లూ కార్డు వీసా మీద వచ్చి కార్ల ఫ్యాక్టరీలో సాఫ్ట్‌వేర్ చూసే గంగాధరరావు, జర్మన్ల వేట లైసెన్సు పరీక్ష మూడోసారికి గట్టెక్కి, తొలి రైఫిల్ కొనడానికి భార్య కౌసల్యను వెంటబెట్టుకు వచ్చాడు.

చికెన్ కడగమంటే ముక్కు మూసుకునే మనిషికి జింకలెందుకని దారంతా దెప్పుతూనే వచ్చింది ఆవిడ.

రైఫిల్ ఒక్కటే కావాలి. శనివారం ఆరువందల మీటర్ల టార్గెట్ కొట్టాలి, ఆదివారం దాంతోనే జింకను పడగొట్టాలి.

షాపతను గొట్టం కొలత, అదే కాలిబర్, వేరువేరుగా ఉన్నవి రెండు తీసి బల్ల మీద పెట్టాడు. త్రీ నాట్ ఎయిట్ అయితే తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి, గొట్టం ఏళ్ల తరబడి అరగదు, కాకపోతే భుజాన్ని తంతుంది. సిక్స్ పాయింట్ ఫైవ్ తన్ను తక్కువ, దూరాన గాలికి అంతగా పక్కకు పోదు, గొట్టం మాత్రం త్వరగా అరుగుతుంది. జింకకు రెండూ చాలునన్నాడు.

సరిగ్గా అప్పుడే ముసలాయన మూల కుర్చీలోంచి లేచొచ్చి చొక్కా పట్టుకున్నాడు.

"జింక వెనక ఏముంది?"

గంగాధరరావు మొహం తిప్పుకుని గుండు బరువు గురించి అడిగాడు.

ముసలాయన మళ్లీ అదే అడిగాడు. చొంగ బల్ల మీద పడింది.

"ఆయనేదో అడుగుతున్నారండీ. ఓ మాట చెప్పేస్తే పోయేదేముంది?" అంది కౌసల్య.

"నువ్వూరుకో. కాలిబర్ అంటే కారు టైరు అనుకునే రకం."

ఆ ప్రశ్న పరీక్షలోనూ వచ్చింది. గుండును ఆపే మట్టికట్టో కొండవాలో వెనక ఉంటేనే కాల్చాలని టిక్కు పెట్టి మార్కు కొట్టేశాడు. మళ్లీ ఈ చొంగగడ్డం దగ్గర పాఠమా?

ఈ మనిషిని ఇక్కణ్ణించి పంపితేనే కొంటానని తెగేసి చెప్పాడు.

షాపతను బల్ల మీది చొంగ గుడ్డతో తుడిచాడు. ముసలాయన భుజం చుట్టూ చెయ్యి వేసి లోపలి గదిలోకి నడిపించాడు. తిరిగొచ్చి సిక్స్ పాయింట్ ఫైవ్‌కు బిల్లు రాశాడు.

అక్టోబరులో, అడవి కౌలుకు తీసుకున్న ఆఫీసు స్నేహితుడొకడు వేటకు పిలిచాడు.

పొద్దు వాలేముందు దిబ్బ నెత్తిన జింక నిలబడింది. చుట్టూ ఖాళీ ఆకాశం. దూరం కొలిచాడు, గాలి లెక్క వేశాడు, కాల్చాడు.

జింక కూలింది.

దిబ్బ అవతల ఆడపిల్ల కేక వినిపించింది.

పరుగెత్తాడు. జింకలోంచి దూసుకుపోయిన గుండు అవతలి దారిలో పోతున్న గుర్రం పొట్ట చీల్చేసింది. పేగులు గడ్డి మీద ఆవిరి కక్కుతున్నాయి. పడి చెయ్యి విరిగిన పిల్ల, గుర్రం తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గుండు ఇంకో మూరెడు పైనుంచి పోయుంటే ఆ పిల్లే.

గంగాధరరావు అక్కడే భళ్లున కక్కుకున్నాడు.

పోలీసులు రైఫిల్ పట్టుకుపోయారు. లైసెన్సు పోయింది. అవి పోయినందుకు అతనికి బాధ లేదు. తన ఒళ్లే తనకు రోత పుట్టింది. భార్య అన్నం పెడితే కలుపుకోలేకపోయాడు.

చివరికి మార్చిలో ముసలాయనకు క్షమాపణ చెప్పుకుందామని ఆ షాపుకు వెళ్లాడు.

మూల కుర్చీ ఖాళీగా ఉంది. పెద్దాయన జనవరిలో పోయాడన్నాడు షాపతను.

తలదించుకుని జరిగింది చెప్పాడు గంగాధరరావు. ఆయన మీకేమవుతారని అడిగాడు.

"మా నాన్న" అన్నాడు షాపతను. "నా చిన్నప్పుడు ఆయన కాల్చిన జింక వెనక మా అమ్మ పుట్టగొడుగులు ఏరుకుంటోంది."