గులాబీల కిటికీ

"బిరీన కానీ అక్కా. మేడమ్ వాళ్ళు గావా కాఫీ తాగేసి వచ్చేస్తారు," అన్నాడు డ్రైవర్ ఓబులేసు, ఫోను ఎత్తి పట్టుకుని.

మాబున్నీ అడ్డంగా కట్టిన తాడు కింద దూరి, అబాయా దులుపుకుని మంచం మీద కూర్చుంది. సౌదీలో అల్ ఖర్జ్ ఊరు దాటాక ఖర్జూరపు తోటల్లో ఉన్న ఆ మట్టి ఇంట్లో ఒకప్పుడు టీవీ సీరియల్ తీశారట. సీరియల్ అయిపోయినా ఇంటిని చెదరనీయకుండా టిక్కెట్టు పెట్టి చూపిస్తున్నారు. మంచం, పరుపు, నిలువుటద్దం, అన్నీ ఉన్నాయి. లోపలి తలుపు వెనక మాత్రం ఉత్త గోడే.

పనిచేసే ఇంట్లో మాబున్నీకి దక్కింది బట్టలుతికే మిషను పక్కన చాపంత చోటు. ప్రొద్దుటూరులో ఉన్న కూతురికి మాత్రం రెండేళ్లుగా, నాకు సొంత రూముందని చెబుతూ వచ్చింది. చూపిస్తేగానీ అన్నం ముట్టనని ఎనిమిదేళ్ల మెహక్ నిన్న మొండికేసింది.

"పసిబిడ్డతో ఈ నాటకమేందక్కా?"

"చాప చూపిస్తే అది నిద్రపోతాదా? ఫోను సరిగ్గా పట్టుకో నాయనా."

తెర మీదికి మెహక్ వచ్చింది. దాని వెనకాల, అవ్వ కొత్తగా కట్టించిన గది. ఆకుపచ్చ గోడ, కిటికీ, కిటికీ అవతల విరగబూసిన గులాబీలు. ఆ గోడను తలుచుకునే మాబున్నీ రోజూ చాప మీద నడుం వాల్చేది.

"అమ్మా! అంత మంచం నీదేనా?"

"నాదే బంగారూ."

"ఆ తలుపు తీయి, చూస్తా."

మాబున్నీ తలుపు వైపు ఓసారి చూసింది. "బీగం ఏసిండాదమ్మా. బీగంచెవి మేడమ్ కాడ ఉండాది."

"సరేలే," అంది మెహక్, నమ్మేసి. ఆ నమ్మకమే మాబున్నీని ముల్లులా గుచ్చింది. మాట మార్చింది.

"మొన్న వానలు గట్టిగా కొట్టినాయంటనే? ఇంటికేం కాలేదు కదా?"

"ఏం కాలేదమ్మా."

"జబీ మామ ఎట్లుండాడు?"

"ఫోటో స్టూడియో ఎప్పుడో ఎత్తేసినాడు. సామాన్లన్నీ మన కాడే పెట్టినాడు."

"పాపం! ఏదీ, లేసి ఆ గులాబీలు దగ్గరగా చూపియ్యి."

"లేయొద్దనింది అవ్వ."

"ఎందుకంట?"

మెహక్ పక్కకు చూసింది. అటు నుంచి మాబున్నీ తల్లి గొంతు వినిపించింది. "కదిలితే సిగ్నల్ పోతాదమ్మీ!"

మాబున్నీకి కళ్ళు చెమర్చాయి. పెద్దల మాట జవదాటని బిడ్డ. అట్లాంటి బిడ్డకు, అవ్వ కట్టించిన గదిలో కూర్చున్న దానికి, తాను అబద్ధాల ఇల్లు చూపిస్తోంది. ఇక చాలు, చెప్పేద్దామనుకుంది.

"మెహక్, నిజం చెప్తా. ఈ రూము..."

ఫోనులో గాలి హోరుమంది.

మెహక్ వెనక గోడ, కిటికీతో సహా, గుడ్డ పరదాలా రెపరెపలాడింది.