మొదటి ప్రశ్న

"ఈ ఫొటో అబద్ధమని తేల్చే దారి ఏమైనా ఉందా అమ్మాయ్?"

భ్రమరాంబ ఫోను బల్ల మీద పెట్టింది. తనూజ ఒక్క చూపు చూసి, పక్కనే సుద్దముక్కతో ఆడుకుంటున్న తన మూడేళ్ళ పాప నీరజ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టింది. ఫొటోలో గచ్చు మీద ఒక కుర్రాడు. మెడ దాకా తెల్లగుడ్డ. గుడ్డ అంచున నీలం చారల చొక్కా కాలరు. జుట్టు నిండా ఇసుక.

కింద ఎవరో రాశారు: 'రేపల్లె కాలవలో దొరికిన శవం. వయసు ముప్పై. నిన్న సాయంత్రం జరిగింది. అయినవాళ్ళకు చేరేదాకా అందరికీ పంపండి.'

తెనాలిలో ఆ గది ఒకప్పుడు కుట్టుమిషన్ల సెంటరు. ఇప్పుడు వారానికి మూడు మధ్యాహ్నాలు పెద్దవాళ్ళ తరగతి. అక్షరాలతో సరిపోదు. మందుల అట్ట మీది తేదీ, కరెంటు బిల్లు, బ్యాంకు ఫారం, ఫోన్లో వచ్చే మెసేజీ, అన్నీ చదవడం నేర్పాలి. నేర్పే తనూజ చదువే పదో తరగతి మధ్యలో ఆగింది. బాపట్లలో పదిహేను రోజులు శిక్షణ ఇచ్చి పంపారు. ఎక్కడ తప్పు చెబుతానో అన్న దిగులు ఆమెకు పాప ఒళ్ళు వెచ్చబడినప్పటి దిగులు లాంటిదే. పైకి కనపడనివ్వదు, లోపల తగ్గదు.

భ్రమరాంబది దుగ్గిరాల అవతల పల్లెటూరు. తరగతిలో చేరి రెండు వారాలైంది. ఫోన్లో ఏమేం వచ్చని మొదటిరోజు అడిగితే, ఫొటో తీయడం ఒక్కటే వచ్చంది. భర్త నడుం పడిపోయి ఏడేళ్ళుగా మంచం మీదే ఉన్నాడట. పసుపు కళ్ళం, ఈనిన గేదె, ఊళ్ళో పెళ్ళి, ఏది చూడాలన్నా ఆమె తీసుకెళ్ళి చూపించాల్సిందే. దూరం వెళ్ళినప్పుడు పక్కనున్న వాళ్ళెవరినైనా బతిమాలి, భర్త చూసేలా మరిది ఫోనుకు పంపించుకుంటుందట.

"తెలిసిన అబ్బాయా పిన్నీ?"

"మా అబ్బాయి హర్షలా ఉన్నాడు."

తనూజ పాపను దగ్గరికి తీసుకుంది. హర్ష ఎక్కడని అడిగింది. స్నేహితులతో బాపట్ల సముద్రానికి వెళ్ళాడంది భ్రమరాంబ. ఎన్నాళ్ళైందంటే, నెల అంది. ఫోను కలవడం లేదంది.

"పోలీసులకు చెప్పలేదా?"

"చెప్పాం. వాళ్ళ పని వాళ్ళు చేశారు."

"బాబాయిగారు చూశారా ఈ ఫొటో?"

"చూశాడు. చూసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇంకా ఇటు తిరగలేదు."

ఏం చెయ్యాలో తోచక తనూజ తనకు నేర్పినదే పట్టుకుంది. బోర్డు మీద నాలుగు ప్రశ్నలు రాసింది. ఫొటో ఎవరు తీశారు? ఎక్కడ? ఎప్పుడు? ఎవరు పంపారు? ఏ మెసేజీనైనా నమ్మేముందు ఇవి అడగాలంది. ఇలా చేతులు మారి వచ్చినవాటిలో మొదటి ప్రశ్నకు జవాబు ఎవరికీ తెలియదు కాబట్టి దాన్ని వదిలేయమంది. అందరూ నోటుబుక్కులు తెరిచారు. భ్రమరాంబ ప్రతి ప్రశ్న ఎదుటా స్కేలు పెట్టి గీత గీసింది.

మ్యాపు చూడ్డం నేర్చుకోవాలని వచ్చే ఆటో జకరయ్య ఫోను మీదికి వంగాడు. "రేపల్లె కాలవలో పడితే బురద అంటుద్ది గానీ ఇసుకెక్కడిదండి? మా అత్తగారి ఊరే అది."

"ఎన్నిసార్లు పడ్డావేంటి అన్నయ్యా?" అంది టిఫిన్ బండి కరుణ. ఒకరిద్దరు నవ్వబోయి, భ్రమరాంబను చూసి ఆపుకున్నారు. కరుణ సిగ్గుపడి తన ఫోను తీసి వెతికింది. ఇదే మెసేజీ ఇరవై రోజుల కిందటే వాళ్ళ గ్రూపులో వచ్చింది. అప్పుడూ 'నిన్న సాయంత్రం' అనే ఉంది.

"ముప్పయ్యేళ్ళ మొహమా ఇది? ఇరవై కూడా దాటవు," అంది వెనక నుంచి ఇంకొకామె.

మెసేజీ పైన రెండు బాణం గుర్తులున్నాయి. చాలా చేతులు మారిందని అర్థం. ఎవరు మొదలుపెట్టారో తెలియదు.

"ఊరు అబద్ధం పిన్నీ. రోజు అబద్ధం. వయసూ అబద్ధమే." చెబుతుంటే తనూజ గొంతులోకి ప్రాణం వచ్చింది.

భ్రమరాంబ మళ్ళీ చెప్పమంది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ గీతల మీద రాసుకుంది. రాసినదాని మీద వేలు పెట్టి చదువుకుంది. నెల తర్వాత మొదటిసారి కడుపునిండా తిన్న మనిషిలా వెనక్కి ఆనుకుంది.

"ఇన్ని అబద్ధాలున్నప్పుడు ఫొటో కూడా అబద్ధమేగా అమ్మాయ్?"

తనూజ అవుననబోయింది. నీరజ కాళ్ళకు చుట్టుకుని ఉంది. పాప తల నిమిరింది. ఒక తల్లికి తప్పు చెప్పకూడదు.

"కింద రాసింది అబద్ధం. ఫొటో సంగతి మటుకు, అది తీసిందెవరో తెలిస్తే గానీ చెప్పలేం పిన్నీ."

భ్రమరాంబ నోటుబుక్కు వైపు చూసింది. మొదటి ప్రశ్న ఎదుట గీత ఖాళీగా ఉంది.

"దాన్ని వదిలేయమన్నావుగా."

"తెలియదు కాబట్టి వదిలేయమన్నాను."

బయట రైలు గేటు పడిన గంట వినిపించింది. భ్రమరాంబ పెన్సిలు తీసుకుంది. 'ఫొటో ఎవరు తీశారు?' అన్నచోట, ఆ ఖాళీ గీత మీద, అక్షరాలు వంకర పోకుండా మెల్లగా రాసింది.

'నేనే తీశాను.'