సీతారాములు ఎముకలు

“ఆంటీ, ఏం చేస్తున్నారు!” అంటూ తన్మయి గుమ్మంలోనే ఆగిపోయింది. అండాలమ్మ బియ్యం మూట ఈడ్చుకొచ్చి, మంచం మీదున్న మొగుడి కాలి మీదికి ఎత్తబోతోంది.

“నువ్వే చెప్తివి గద బిడ్డా, బరువు పడకుంటె బొక్కలు కరుగుతయని!”

ఆ ఇంటి పై వాటాలో అద్దెకుండే తన్మయి ఎముకల కణాల మీద పరిశోధన చేస్తుంది. సీతారాములేమో ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగబోయి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికింది, ఇక నడవాల్సిందేనని డాక్టరు చెప్పినా మంచం దిగడు. మంచినీళ్లు కూడా అండాలమ్మే అందించాలి.

“నేను చెప్పింది కణాల సంగతి ఆంటీ.”

“మా ఆయనల లేవా గవి?”

“ఉన్నాయి. ఎముకను గట్టిగా పట్టుకుని ఉంటాయి. మనం నడిస్తే ఆ ఒత్తిడి వాటికి తెలిసి కొత్త ఎముక కట్టిస్తాయి. ఊరికే పడుకుంటే, ఇంత ఎముక ఎందుకులే అని ఉన్నది కరిగించేస్తాయి. బరువంటే అంకుల్ తన బరువు తను మోయడం. మూట కాదు.”

మూట ఎక్కడ మీద పడుతుందోనని సీతారాములు అప్పటికే మంచం దిగి నిలబడ్డాడు.

అండాలమ్మ మూట కింద పెట్టింది. “మరి నా బొక్కలెట్లుంటయి బిడ్డా?”

“మీవా? పెళ్లయినప్పటి నుంచి మోస్తూనే ఉన్నారుగా. ఉక్కులా ఉంటాయి.”

అండాలమ్మ వంటింట్లోకి వెళ్లింది. చాయ్ గిన్నె తెచ్చి మొగుడి చేతిలో పెట్టి, ఖాళీ అయిన మంచం మీద నడుం వాల్చింది.

“ఏమైందే నీకు?” అన్నాడు సీతారాములు.

“ఏం గాలే. నాయి జర కరిగినా ఇంక మస్తు మిగుల్తయి. అల్లం ఎయ్యి మర్సిపోకుండ.”